ఇంటి కంప్యూటర్‌కు ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. "డిస్కు పోయింది, ఫోటోలు తిరిగొస్తాయా?" అని అడిగేవాళ్లు కొందరు. ఒకసారి దెబ్బ తిన్నాక "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటావు?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్లకు చెప్పే జవాబులే ఇవి. సాఫ్ట్‌వేర్ మన ఫైళ్లను ఎంత బాగా దాస్తుందో అందరూ చూస్తారు. అవసరం పడ్డ రోజున వాటిని ఎంత తేలిగ్గా తిరిగి ఇస్తుందో నేను ముందు చూస్తాను. అందుకని కొన్ని జవాబులు ప్రకటనల్లో రాసినట్టు ఉండవు.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోదా? మళ్లీ దానికో సాఫ్ట్‌వేర్ ఎందుకు?

గుర్తున్నన్నాళ్లూ సరిపోతుంది. మొదటి నెల ప్రతి ఆదివారం చేస్తారు, రెండో నెల ఒకసారి చేస్తారు, మూడో నెలకు ఆ పెన్‌డ్రైవ్ ఏ సొరుగులో పెట్టారో వెతుక్కుంటారు. నేనూ ఇంతే, అందరమూ ఇంతే.

ఇంకో చిక్కు ఏమిటంటే, పాత కాపీ మీదే కొత్త కాపీ పడుతుంది. మంగళవారం పొరపాటున సగం చెరిపేసిన ఫైల్‌ని బుధవారం కాపీ చేశారనుకోండి, దాచుకున్న మంచి కాపీ కూడా పోయినట్టే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మనం మర్చిపోయినా తన టైముకు తను నడుస్తుంది, మారిన ఫైళ్లనే తీసుకుంటుంది, పాత వెర్షన్లను చెరపకుండా విడిగా ఉంచుతుంది. ఈ మూడింట్లో ఏదో ఒకటి చేయని సాఫ్ట్‌వేర్‌ని జాబితాలోంచి తీసేయండి, మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా సరే.

నా ఫైళ్లన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. అది బ్యాకప్ కాదా?

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, ఐక్లౌడ్ చేసేది సింక్. రెండు చోట్లా ఒకేలా ఉంచడమే వాటి పని. ఇక్కడ ఫోల్డర్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. పిల్లవాడు ఆడుకుంటూ ఒక ఫోటో ఫోల్డర్ లేపేస్తే, సింక్ ఎంతో శ్రద్ధగా అన్ని చోట్లా లేపేస్తుంది.

ట్రాష్ ఉంటుంది కదా అంటారు. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైల్ 30 రోజులు ఉండి పోతుంది. వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్‌లోనూ గడువు 30 రోజులే. ఏడాది క్రితం పెళ్లి ఫోటోలు పోయాయని ఈ రోజు గమనిస్తే ఆ గడువు ఎందుకూ పనికిరాదు. పైగా అంతా ఒకే అకౌంట్ మీద వేలాడుతూ ఉంటుంది. పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనన్నా పడినా, అకౌంట్ లాక్ అయినా ఒక్కసారే అన్నీ చేజారిపోతాయి.

ఇందులో పైకి కనిపించని సంగతి ఇంకొకటుంది. జాగా ఆదా చేయడానికి ఈ సర్వీసులు కొన్ని ఫైళ్లను ఆన్‌లైన్‌లోనే ఉంచి, కంప్యూటర్‌లో వాటి పేరు మాత్రం చూపిస్తాయి. వన్‌డ్రైవ్‌లో అలాంటి ఫైల్ పక్కన చిన్న మబ్బు గుర్తు కనిపిస్తుంది. మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అలాంటి ఫైళ్లను వదిలేసే అవకాశం ఉంది. ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచు అనే ఆప్షన్ పెట్టుకోండి. సింక్‌ను మానేయమనడం లేదు. దాన్ని వాడుతూనే పక్కన అసలు బ్యాకప్ పెట్టుకోమంటున్నాను.

ఏయే ఫోల్డర్లు బ్యాకప్ చేయాలి?

పోతే మళ్లీ సంపాదించలేనివి ముందు: ఫోటోలు, వీడియోలు, సొంతంగా రాసుకున్నవి, స్కాన్ చేసుకున్న పత్రాలు, లెక్కలు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు పోతే పోనీండి.

డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. బ్రౌజర్ బుక్‌మార్కులు, థండర్‌బర్డ్ మెయిళ్లు లాంటివి ఎవరికీ గుర్తుండవు. విండోస్‌లో ఇవి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి, మాక్‌లో లైబ్రరీ ఫోల్డర్‌లో ఉంటాయి. కొన్ని లెక్కల ప్రోగ్రాములు తమ డేటాను తమ ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటాయి. అందుకే యూజర్ ఫోల్డర్ మొత్తాన్నీ ఎంచుకుని, అక్కర్లేనివి మినహాయించే పద్ధతి నాకు ఇష్టం. కావాల్సినవి ఒక్కొక్కటే ఏరుకుంటూ పోతే ఏదో ఒకటి తప్పిపోతుంది.

తప్పిపోతుందని ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నాకే జరిగింది. ఒకసారి సి డ్రైవ్ నిండిపోయిందని ఫోటోలన్నీ డి డ్రైవ్‌కి మార్చాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి చెప్పలేదు. అది పాత ఫోల్డర్‌నే చూసుకుంటూ, అందులో కొత్తవి ఏమీ లేవని రోజూ పచ్చ టిక్కు పెడుతూ పోయింది. ఎనిమిది నెలలు నేనా టిక్కు చూసి నిశ్చింతగా ఉన్నాను. తీరా డి డ్రైవ్ పోయాక తెరిచి చూస్తే, ఆ ఎనిమిది నెలల ఫోటోలు ఎక్కడా లేవు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, చెప్పిన పని అది చేసింది. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఒకటి చూస్తున్నాను: రిపోర్టులో "విజయవంతం" అన్న మాటతో పాటు ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీ తీసుకుందో చెబుతుందా? చాలా రోజులుగా వరసగా సున్నా వస్తుంటే అనుమానించాలి.

ఫైల్ బ్యాకప్, ఇమేజ్, క్లోన్ అంటున్నారు. తేడా ఏమిటి?

ఫైల్ బ్యాకప్ అంటే మీరు చెప్పిన ఫోల్డర్లలోని ఫైళ్లను మాత్రమే దాచేది. ఇమేజ్ అంటే విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగ్‌లు అన్నీ కలిపి డిస్కు మొత్తాన్నీ ఒక పెద్ద ఫైల్‌గా మూటగట్టేది. క్లోన్ అంటే ఒక డిస్కును ఇంకో డిస్కు మీదికి ఉన్నదున్నట్టు దించేది. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (దానికంటే వేగమైన కొత్త రకం డిస్కు) వేసుకునే రోజున క్లోన్ ఉపయోగపడుతుంది, రోజువారీ బ్యాకప్‌కు కాదు, ఎందుకంటే అందులో పాత వెర్షన్లు ఉండవు.

ఇంటికి ఏది కావాలంటే, ఫైల్ బ్యాకప్ తప్పనిసరి, ఇమేజ్ ఉంటే సుఖం. ఇమేజ్ లేకపోతే కొత్త డిస్కులో విండోస్ వేసుకుని ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటీ ఎక్కించుకోవాలి. ఒకటి రెండు రోజులు విసుగు, అంతే. ఫైళ్లు లేకపోతే మాత్రం ఎంత విసుక్కున్నా రావు. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్ తీసుకుంటే, ఆ ఇమేజ్‌లోంచి ఒక్క ఫైల్‌ని విడిగా బయటికి తీసుకోనిస్తుందో లేదో చూడండి. ఒక్క ఉత్తరం కోసం డిస్కు మొత్తం వెనక్కి తిప్పమనేదైతే వద్దు.

ఫుల్, ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్‌లో ఏది పెట్టుకోవాలి?

ఆదివారం మొత్తం కాపీ తీస్తే అది ఫుల్. సోమవారం నుంచి, ముందు రోజు తర్వాత మారినవి మాత్రమే తీస్తే ఇంక్రిమెంటల్. ఆదివారం నుంచి ఇప్పటిదాకా మారినవన్నీ ప్రతిరోజూ తీస్తే డిఫరెన్షియల్.

శుక్రవారం నాటి స్థితికి వెనక్కి వెళ్లాలనుకోండి. డిఫరెన్షియల్ అయితే ఆదివారం ఫుల్, శుక్రవారం ముక్క, ఈ రెండూ చాలు. ఇంక్రిమెంటల్ అయితే ఫుల్‌తో పాటు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు ముక్కలూ బాగుండాలి. మధ్యలో బుధవారం ముక్క పాడైతే ఆ తర్వాతవి అక్కరకు రావు. కానీ ఇంక్రిమెంటల్‌కు పట్టే జాగా, టైము చాలా తక్కువ. అందుకని ఇంక్రిమెంటలే పెట్టుకుని నెలకో రెండు నెలలకో మళ్లీ కొత్తగా ఫుల్ తీయించడం ఇంటికి చక్కగా కుదురుతుంది.

రెస్టిక్, బోర్గ్, కోపియా లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఈ గొడవ లేకుండా నడుస్తాయి. డేటాను ముక్కలు చేసి, ఒకే రకం ముక్కను ఒక్కసారే దాస్తాయి. మనకు మాత్రం ప్రతి రోజుదీ పూర్తి బ్యాకప్‌లాగే కనిపిస్తుంది. కాకపోతే రెస్టిక్, బోర్గ్ కమాండ్ లైన్ మీద నడిచేవి. నల్ల తెర చూస్తే భయపడేవాళ్లకు చెప్పను.

విండోస్‌లోనే బ్యాకప్ ఉంది కదా. అది చాలదా?

విండోస్‌లో బ్యాకప్ అనే పేరుతో మూడున్నాయి, గందరగోళమంతా అక్కడే.

మొదటిది ఫైల్ హిస్టరీ. 2012లో విండోస్ 8తో వచ్చింది. ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలిస్తే, మనం మార్చకపోతే గంటకోసారి మారిన ఫైళ్లను దాస్తుంది, పాత వెర్షన్లు ఉంచుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి మామూలు ఫోల్డర్లనే చూస్తుంది. డి డ్రైవ్‌లో మీరు సొంతంగా చేసుకున్న ఫోల్డర్ కావాలంటే దాన్ని ఒక లైబ్రరీలో చేర్చాలి. దీనిలో నాకు నచ్చింది, ఫైళ్లను మామూలు ఫైళ్లలాగే, పేరు పక్కన తేదీ తగిలించి దాస్తుంది. ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి నేరుగా తెరుచుకోవచ్చు.

రెండోది కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)" అని ఉంటుంది. ఇమేజ్ తీయగలదు. కానీ 2017లోనే మైక్రోసాఫ్ట్ ఈ సిస్టమ్ ఇమేజ్ సౌకర్యాన్ని ఇక అభివృద్ధి చేయని వాటి జాబితాలో వేసి, డిస్కు మొత్తం బ్యాకప్‌కి వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడమంది. చేసినవాళ్లే వద్దంటున్నదాన్ని నమ్ముకోకండి.

మూడోది స్టార్ట్ మెనూలో కనిపించే విండోస్ బ్యాకప్ యాప్. ఇది కొన్ని ఫోల్డర్లను, సెట్టింగ్‌లను వన్‌డ్రైవ్‌కు పంపుతుంది. ఉచిత జాగా 5 జీబీ. కొత్త కంప్యూటర్‌కు మారేటప్పుడు బాగుంటుంది గానీ, పైన సింక్ గురించి చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది.

మొత్తానికి ఫైళ్ల వరకు ఫైల్ హిస్టరీతో మొదలుపెట్టవచ్చు. ఏమీ లేకుండా "మంచి సాఫ్ట్‌వేర్ వెతుకుతున్నాను" అంటూ ఆరు నెలలు గడిపే బదులు ఈ రాత్రే దాన్ని ఆన్ చేయండి.

నాది మాక్. ఏది వాడాలి?

టైమ్ మెషీన్. 2007 నుంచి మాక్‌లోనే వస్తోంది. గత 24 గంటలకు గంటకోటి, గత నెలకు రోజుకోటి, అంతకుముందుది వారానికోటి చొప్పున ఉంచుతుంది. డిస్కు నిండితే అన్నిటికంటే పాతవి తీసేస్తుంది. మాక్ డిస్కుకు కనీసం రెండింతల డిస్కు కొనండి, అంతకంటే ఆలోచించక్కర్లేదు.

లినక్స్‌లో?

ఫైళ్లకు డేజా డుప్ సులువు. టైమ్‌షిఫ్ట్‌ను చూసి మోసపోకండి, అది సిస్టమ్ ఫైళ్ల కోసం చేసింది, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే హోమ్ ఫోల్డర్‌లోని మన ఫైళ్లను ముట్టుకోదు.

ఉచితంగా దొరికేది వాడొచ్చా, డబ్బు పెట్టాలా?

ఉచితమైనవి నాసిరకమని ఏమీ లేదు. విండోస్‌కు వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ ఇమేజ్, ఫైల్ బ్యాకప్ రెండూ చేస్తుంది. డూప్లికాటి, కోపియా ఓపెన్ సోర్స్. అప్పుడప్పుడూ ఇమేజ్ తీసుకునేవాళ్లకు క్లోన్‌జిల్లా, దానికంటే తేలికైన తెరతో రెస్క్యూజిల్లా ఉన్నాయి.

ఉచితంతో ఉన్న భయం వేరు. ఎన్నాళ్లు ఉచితంగా ఉంటుందో మన చేతిలో లేదు. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ను ఏళ్ల తరబడి ఎందరికో నేనే వేసిచ్చాను. కంపెనీ దాన్ని ఆపేసింది, 2024 జనవరి 1 నుంచి సపోర్ట్ కూడా లేదు. డబ్బు కడితే ఈ బెడద ఉండదనుకోవడమూ పొరపాటే. ఇళ్లలో వాడేవాళ్లకు ఆన్‌లైన్ బ్యాకప్ ఇచ్చే క్రాష్‌ప్లాన్ 2017లో ఆ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. డబ్బు కడుతున్నవాళ్లు కూడా ఇంకో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకని కొనేముందు ఇది తెలుసుకోండి: సబ్‌స్క్రిప్షన్ అయిపోయాక పాత బ్యాకప్‌లోంచి రీస్టోర్ చేసుకోనిస్తారా, అంటే ఫైళ్లను తిరిగి తెచ్చుకోనిస్తారా, లేదా? కొన్ని ఉచిత వెర్షన్లు బ్యాకప్ మొత్తం చేయనిచ్చి, వేరే కంప్యూటర్ మీదికి రీస్టోర్ చేయడం లాంటివి డబ్బు కట్టాకే ఇస్తాయి. డిస్కు పోయిన రోజున మీరు బేరమాడే స్థితిలో ఉండరని వాళ్లకూ తెలుసు.

సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో దాస్తే నష్టమా?

నష్టమని కాదు, ఒక ముడి. ఇమేజ్ ఫైల్‌ను తెరవాలంటే అదే సాఫ్ట్‌వేర్ కావాలి. ఐదేళ్ల తర్వాత ఆ కంపెనీ లేకపోతే? ఇమేజ్ వాడేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ని, లైసెన్స్ నంబర్‌ని బ్యాకప్ డిస్కులోనే ఒక ఫోల్డర్‌లో పడేసుకోవాలి. ఫోటోల్లాంటి వాటికి మాత్రం మామూలు ఫైళ్లలా కనిపించే బ్యాకప్ ఒకటైనా ఉండాలని నా పట్టుదల.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట. పాతకాలపు జిప్ పద్ధతిలో దాచే కొన్ని ప్రోగ్రాములు తెలుగు పేర్లను పిచ్చి గీతలుగా మార్చేస్తాయి. ఫైల్ లోపల అంతా బాగానే ఉంటుంది, పేరే పోతుంది. రెండు వేల ఫైళ్లకు పేర్లు పోతే వెతుక్కోవడం నరకం. ఒత్తులు, గుణింతాలు ఉన్న పేరుతో ఒక ఫైల్ చేసి, బ్యాకప్ తీసి, వెనక్కి తెచ్చుకుని చూడండి.

ఆన్‌లైన్ సర్వీసా, ఎక్స్‌టర్నల్ డిస్కా?

3-2-1 అని ఒక లెక్క ఉంది. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఏ ఫైల్ అయినా మూడు కాపీలు ఉండాలి, రెండు వేర్వేరు రకాల నిల్వ సాధనాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. దొంగతనమో, నీళ్లు రావడమో, షార్ట్ సర్క్యూట్ కావడమో జరిగితే కంప్యూటర్, దాని పక్కనే ఉన్న డిస్కు రెండూ కలిసే పోతాయి కాబట్టి ఆ చివరి ఒకటి ముఖ్యం. బయట అంటే ఆన్‌లైనే కానక్కర్లేదు. అన్నయ్య ఇంట్లో ఒక డిస్కు పెట్టి, వెళ్లినప్పుడల్లా మార్చుకున్నా అదే.

ఆన్‌లైన్ అయితే ముందు మీ అప్‌లోడ్ వేగం చూసుకోండి, డౌన్‌లోడ్ వేగం కాదు. 500 జీబీ ఉంది, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర మెగాబైట్లు. ఎక్కడా ఆగకపోతే దాదాపు 55 గంటలు. రోజూ ఐదు గంటలే కంప్యూటర్ ఆన్‌లో ఉంటే 11 రోజులు. అదే 500 జీబీ సెకనుకు 100 మెగాబైట్లు రాసే యూఎస్‌బీ డిస్కు మీదికి గంటన్నరలోపే వెళ్లిపోతుంది. తిరిగి తెచ్చుకునేటప్పుడూ ఇదే తేడా. కొన్ని సర్వీసులు డేటాను డిస్కులో నింపి పంపుతాయి కూడా.

ఇంకా, బ్యాక్‌బ్లేజ్ లాంటి సర్వీసులు మీ ఫైళ్లను తీసుకుంటాయి గానీ విండోస్‌ని, ప్రోగ్రాములని తీసుకోవు. డిలీట్ చేసిన ఫైల్‌ని ఎన్నాళ్లు ఉంచుతారు, ఎక్స్‌టర్నల్ డిస్కును చాలా రోజులు తగిలించకపోతే దాని బ్యాకప్ ఏమవుతుంది అనేవి సర్వీసుకొక రకం. ఈ రెండూ చదవకుండా కార్డ్ నంబర్ ఇవ్వకండి.

రాన్సమ్‌వేర్ వస్తే బ్యాకప్ కాపాడుతుందా?

డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంటే కాపాడదు. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్ లాంటిది. కంప్యూటర్‌కు కనిపించే ప్రతి డ్రైవ్‌కీ అది తాళం వేస్తుంది, బ్యాకప్ డిస్కుతో సహా. 2017 మేలో 150కి పైగా దేశాలను కుదిపేసిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్, విండోస్ లోపల దాచుకునే షాడో కాపీలను కూడా చెరిపేసింది. "రీస్టోర్ పాయింట్ ఉంది కదా" అనుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు.

బ్యాకప్ అయ్యాక డిస్కు తీసేయండి. విసుగనిపిస్తే రెండు డిస్కులు పెట్టుకుని వారానికొకటి మార్చండి, ఒకటి ఎప్పుడూ బయటే ఉంటుంది. బ్యాకప్ ముగిశాక డిస్కును తనంతట తనే ఎజెక్ట్ చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. అయినా చేత్తో కేబుల్ పీకడాన్ని మించింది లేదు.

బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టాలా?

ఆన్‌లైన్‌కు తప్పకుండా. ఇంట్లో డిస్కుకు మీ ఇష్టం. ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని తాళం) అని రాసి ఉంటే దాని అర్థం, పాస్‌వర్డ్ మర్చిపోతే మీక్కూడా దారి లేదని. కీ మొత్తం మీ దగ్గరే ఉండే పద్ధతి ఎంచుకుంటే ఆ కంపెనీ కూడా ఏమీ చేయలేదు. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే అలాంటి తాళం) ఆన్ అయి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కూడా తీసి పెట్టుకోండి. ఇవి కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు పెట్టే చోట పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి ఆ చోటు చూపించండి. పాస్‌వర్డ్‌ను కంప్యూటర్‌లో ఒక ఫైల్‌లో రాసి, ఆ ఫైల్‌ని అదే పాస్‌వర్డ్ ఉన్న బ్యాకప్‌లో దాచినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

రీస్టోర్ పరీక్ష అంటే ఏం చేయాలి? అంత అవసరమా?

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. అవసరం వచ్చి చూస్తే ఒక్కటీ సరిగ్గా లేదు. రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల చాలా రోజులుగా ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు. అదే పని మీద బతికే ఇంజనీర్లకే ఇలా జరిగితే, ఇంట్లో మన సంగతి చెప్పాలా?

కొత్త సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసుకున్న రోజే ఇది చేయండి. ఒక ఫోల్డర్ బ్యాకప్ తీయండి. అందులో ఒక ఫైల్‌ని మార్చి మళ్లీ తీయండి. ఇప్పుడు మార్చకముందు వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లోకి రప్పించండి, అసలుదాని మీదికి కాదు. తెరిచి చూడండి, ఫోటో పూర్తిగా కనిపిస్తోందా, వీడియో చివరిదాకా ఆడుతోందా? ఈ పని చేయడానికి మెనూల్లో తిరిగి తిరిగి అలిసిపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకొద్దు. ఏ టెన్షన్ లేని రోజునే దారి కనిపించకపోతే డిస్కు పోయిన రోజున అసలే కనిపించదు.

ఇమేజ్ వాడేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. కంప్యూటర్ లేవనప్పుడు రీస్టోర్ చేయడానికి ఒక బూట్ పెన్‌డ్రైవ్ కావాలి. దాదాపు ప్రతి ఇమేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తయారు చేసిస్తుంది, దాదాపు ఎవరూ చేసుకోరు. చేసుకుని, దానితో ఒకసారి కంప్యూటర్ లేపి చూడండి. డిస్కు కనిపిస్తోందా, బ్యాకప్ డిస్కు కనిపిస్తోందా, మౌస్ కదులుతోందా? అక్కడిదాకా చూసి వెనక్కి వచ్చేయండి, రీస్టోర్ బటన్ నొక్కకండి. తర్వాత మూడు నెలలకోసారి ఏదో ఒక ఫైల్‌ని వెనక్కి తెచ్చి చూసుకుంటే చాలు.

ఎంత పెద్ద డిస్కు కావాలి? ఎస్‌ఎస్‌డీనా, హార్డ్ డిస్కా?

దాచాల్సిన డేటాకు రెండింతలు. మామూలు హార్డ్ డిస్కు చాలు, వేగం ఇక్కడ అంత ముఖ్యం కాదు. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే అందులోని డేటా మెల్లగా చెదిరిపోయే అవకాశం ఉంది. డిస్కు ఫార్మాట్ ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ మించిన ఫైల్ అందులో పట్టదు. పెద్ద వీడియో దగ్గర బ్యాకప్ ఆగిపోతుంటే ముందు అదే చూడండి.

రెండు డిస్కుల రెయిడ్ పెట్టుకున్నాను. బ్యాకప్ అక్కర్లేదు కదా?

కావాలి. రెయిడ్ అంటే ఇక్కడ రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే ఏర్పాటు. అది ఒక డిస్కు చెడిపోతే పని ఆగకుండా చూస్తుంది. మీరు డిలీట్ చేసింది రెండు డిస్కుల్లోనూ డిలీట్ అవుతుంది.

ఎన్ని రోజులకోసారి తీయాలి?

ఎంత పని పోతే మళ్లీ చేసుకోగలరో అంత. రోజూ రాసుకునేవాళ్లకు గంటకోసారి, ఫోటోలు చూసుకోవడానికే కంప్యూటర్ తెరిచేవాళ్లకు వారానికోసారి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నందువల్ల తప్పిపోయిన బ్యాకప్‌ను, ఆన్ చేయగానే గుర్తుపెట్టుకుని చేస్తుందో లేదో సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. రాత్రి రెండింటికి షెడ్యూల్ పెట్టి, పదకొండింటికి కంప్యూటర్ ఆపేసే ఇళ్లే ఎక్కువ.

డిస్కు టకటకమని శబ్దం చేస్తోంది. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి?

ఇప్పుడు ఏదీ వేయకండి. కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయడం, డిస్కు చెక్ నడపడం, మొత్తం ఇమేజ్ తీయడం, ఇవన్నీ చావుబతుకుల్లో ఉన్న డిస్కును పరిగెత్తించడమే. కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, మళ్లీ సంపాదించలేని ఫోల్డర్ ఏదో దాన్ని మాత్రం వేరే డిస్కుకు చేత్తో కాపీ చేయండి. తర్వాత దానికంటే కొంచెం తక్కువ ముఖ్యమైనది. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లండి, పదేపదే ప్రయత్నించకండి. శబ్దం పెరిగినా, డిస్కు కనిపించడం మానేసినా కంప్యూటర్ ఆపేయండి. అందులోవి ఖర్చు పెట్టదగ్గంత విలువైనవైతే అక్కడినుంచి డేటా రికవరీ చేసేవాళ్ల పని. మీరు ఎన్నిసార్లు ఆన్ చేస్తే వాళ్లకు దొరికేది అంత తగ్గుతుంది.